చలికాలపు చేపల వేట: ఒంటికి తగిన బట్ట



పూస గుచ్చ పొద్దుండదనే పుష్యమాసంలో, తెల్లవారకముందే నీళ్ల మీదికి వెళ్లే మనుషుల గురించి, వాళ్లు ఒంటి మీద వేసుకునే బట్టల గురించి ఈ ప్రసంగం. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో, జంట జలాశయాల చుట్టుపక్కల ఊళ్లలో ఈ మాట అవసరం ఎక్కువ. చలికి ఏ బట్ట వేసుకోవాలో ఒకరు చెప్పాలా అని అనిపించవచ్చు. ఇంట్లో కూర్చునేవారికి అక్కర్లేదు. తడిసే పని చేసేవారికి మాత్రం ఆ ఎంపికే ఆరోగ్యం. ఒక్కోసారి ప్రాణం కూడా.

ముందు ఈ చలి సంగతి చూద్దాం. హైదరాబాద్ నడిబొడ్డున పల్చటి చొక్కాతో గడిచిపోయే రాత్రి, గండిపేట దాటి మొయినాబాద్ చేరేసరికి వణికిస్తుంది. నగరంలో పగలంతా కాగిన కాంక్రీటు, తారు రోడ్లు రాత్రంతా ఆ వేడిని మెల్లగా వదులుతుంటాయి. ఇటువైపు ఎక్కువగా ఉండేవి పొలాలు, తోటలు, చెరువులు. సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున్న పీఠభూమి ఇది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది. కప్పడానికి మబ్బు లేనప్పుడు నేలలోని వేడి నేరుగా పైకి వెళ్లిపోతుంది. అందుకే కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 10 డిగ్రీల కన్నా కిందికి దిగుతుంది. అన్నిటికన్నా చల్లటి ఘడియ సూర్యోదయానికి కాస్త ముందు వస్తుంది. చేపలవాళ్లు వల ఎత్తే వేళ సరిగ్గా అదే.

1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తిన తరువాత, మళ్లీ అలాంటి ముప్పు రాకూడదని కట్టినవే ఈ జంట జలాశయాలు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మొదలైన ఆ పనిలో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరం తాగే నీళ్లుగానే ఇవి చాలామందికి తెలుసు. కానీ ఈ నీళ్లను, చుట్టూ ఉన్న ఊరి చెరువులను నమ్ముకుని బతికే గంగపుత్రులు, ముదిరాజులు ఉన్నారు. సాయంత్రం వల కట్టి వస్తారు. తెల్లవారుజామున తెప్ప మీద వెళ్లి ఎత్తుతారు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ, అదృష్టం బాగుంటే కొర్రమీను. సూర్యుడు పైకి వచ్చేలోపు ఆ చేప బజారుకు చేరాలి. చలి తగ్గాక వెళదామంటే బేరం ఉండదు.

వేట అనగానే అడవి జంతువుల వేట కూడా గుర్తుకొస్తుంది కాబట్టి ఒక్క మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ వేట మనకు లేదు. కుందేలును పట్టినా, కౌజును పట్టినా నేరమే. చిలుకూరు దగ్గరి మృగవని జాతీయ ఉద్యానంలో జింకలు, కణుజులు, నెమళ్లు ఇప్పుడు కాపాడుకోవలసినవి. అక్కడ తెల్లవారుజామున గస్తీ తిరిగే అటవీ సిబ్బందికీ, అడవి పందుల నుంచి మొక్కజొన్నను కాచుకుంటూ రాత్రంతా మంచె మీద కూర్చునే రైతుకూ మాత్రం చేపలవాళ్లకున్నంత చలి ఉంటుంది. నేను చెప్పబోయేది వాళ్లకూ పనికొస్తుంది.

ఇక అసలు విషయం. మనిషిని చలి ఎలా దెబ్బతీస్తుంది? బట్ట పల్చగా ఉన్నందుకన్నా, బట్ట తడిసినందుకే ఎక్కువ దెబ్బ తగులుతుంది. గాలితో పోలిస్తే నీరు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. బట్టలో చిక్కుకుని ఉన్న గాలే మనకు వెచ్చదనం ఇస్తుంది. ఆ గాలి ఉండవలసిన చోట నీళ్లు చేరితే ఆ బట్ట ఉన్నా లేనట్టే.

దీన్ని ఒక లెక్కతో చూడండి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కిలో కేలరీల వేడి కావాలి. నూలు చొక్కా తడిస్తే అందులో పావు లీటరు నీళ్లు నిలుస్తాయనుకుందాం. ఆ చొక్కాను ఒంటి మీదే ఆరబెట్టుకుంటే సుమారు 145 కిలో కేలరీలు మన ఒంట్లోంచే పోతాయి. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో గంటకు పుట్టే వేడి 80 కిలో కేలరీల చుట్టుపక్కల ఉంటుంది. అంటే దాదాపు రెండు గంటల పాటు ఒంట్లో పుట్టిన వేడంతా ఒక్క చొక్కా ఆరడానికి ఖర్చవుతుంది. వల ఎత్తి వచ్చి, తడి చొక్కాతోనే బండెక్కి బజారుకు వెళ్లే మనిషి రోజూ చెల్లిస్తున్న మూల్యం ఇదే.

నీళ్ల మీద పనిచేసేవారికి ఇంకో సంగతి అనుభవమే. తెల్లవారుజామున చెరువు మీద పొగలు లేస్తుంటాయి. నేల త్వరగా చల్లబడుతుంది, నీళ్లు నెమ్మదిగా చల్లబడతాయి. కాబట్టి ఆ వేళకు గాలికన్నా నీళ్లే వెచ్చగా ఉంటాయి. చెయ్యి నీళ్లలో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. బయటికి తీసి గాలి తగలగానే వేళ్లు కొరికేసినట్టు అవుతాయి. తడి, గాలి కలిసినప్పుడే చలి కోర చూపిస్తుంది. అందుకే బట్టను ఎంచుకునేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న: తడిస్తే ఇది ఏమవుతుంది?

ఈ ప్రశ్నతో మన బట్టలను ఒక్కొక్కటే చూద్దాం.

మొదట ఒంటికి ఆనుకునే బట్ట. మనందరం వేసుకునేది నూలు బనియన్. ఎండాకాలానికి అంత మంచి బట్ట లేదు. చెమటను పీల్చి ఒంటిని చల్లబరుస్తుంది. చలికాలంలో తెప్ప నడిపేటప్పుడు ఆ గుణమే ఎదురు తిరుగుతుంది. తెడ్డు వేస్తుంటే చెమట పడుతుంది, బనియన్ తడుస్తుంది, వల దగ్గర ఆగగానే ఆ తడి ఒంటిని గడ్డకట్టిస్తుంది. దానికి బదులు పిల్లలు ఆటలకు వేసుకునే పాలిస్టర్ టీషర్టు లాంటిది, ఒంటికి అతుక్కుని ఉండేది, లోపల వేసుకోవడం మేలు. పాలిస్టర్ పోగు నీటిని దాదాపు పీల్చుకోదు. తడిసినా దులిపితే త్వరగా ఆరిపోతుంది. కాళ్లకు లుంగీ కన్నా అదే రకం ట్రాక్ ప్యాంటు నయం. తడిసిన లుంగీ పిక్కలకు చుట్టుకుని కదలనివ్వదు.

రెండోది వెచ్చదనం ఇచ్చే బట్ట. ఇక్కడ ఉన్నికి సాటి లేదు. ఉన్ని పోగు తన బరువులో మూడో వంతు దాకా తేమను లోపలికి తీసుకుని కూడా ఒంటికి తడి తెలియనివ్వదు. పోగులు వంకర్లు తిరిగి ఉండడం వల్ల తడిసినా ఒకదానికొకటి అంటుకుపోవు. మధ్యలో గాలి కొంత మిగిలే ఉంటుంది. ఈ సంగతి సముద్రం మీద బతికిన జాతులు ఎన్నో కనిపెట్టాయి. ఇంగ్లండు తీరంలోనూ, గర్న్సీ దీవిలోనూ చేపలవాళ్లు తరతరాలుగా ఒత్తుగా అల్లిన ఉన్ని స్వెట్టర్లే వేసుకున్నారు. ఒంటికి పట్టి ఉండేలా, వలలో చిక్కుకునే కొస ఒక్కటీ లేకుండా వాటిని అల్లేవారు. ఉత్తర ధ్రువం దగ్గరి ఇన్యూట్ వేటగాళ్లు క్యారిబూ అనే దుప్పి తోలుతో రెండు వరసల దుస్తులు కుట్టుకున్నారు. లోపలి వరసకు వెంట్రుకలు ఒంటివైపు, బయటి వరసకు బయటివైపు. ఆ వెంట్రుకల్లోపల బోలుగా గాలి ఉంటుంది. మంచులో వాళ్లను బతికించింది ఆ గాలే.

మన దగ్గర ఆ స్థానం గొంగడిది. దక్కనీ గొర్రె నల్ల ఉన్నిని కత్తిరించి, ఏకి, ఆడవాళ్లు వడికి, చింతగింజల గంజి పట్టించి, కురుమలు గుంటమగ్గం మీద నేసే గొంగడి తెలంగాణకు దుప్పటి, గొడుగు, పరుపు అన్నీ తానే అయింది. వానొస్తే కొప్పెర పెట్టుకుంటారు, చలికి కప్పుకుంటారు, పొలం గట్టు మీద పరుచుకుంటారు. ప్రజా గాయకుడు గద్దర్ వేదిక మీద భుజాన గొంగడి వేసుకుని నిలబడితే జనం తమ మనిషి వచ్చాడనుకున్నది అందుకే. దానికి రంగు వేయనక్కర్లేదు, గొర్రె రంగే దాని రంగు. దురద పెడుతుందని నేటి పిల్లలు పక్కన పెడుతున్నారు. లోపల చొక్కా ఉంటే ఆ దురద అంటదు. మాంసం కోసం నెల్లూరు జాతి గొర్రెలు పెరిగిన కొద్దీ దక్కనీ ఉన్ని తగ్గింది. నెల్లూరు గొర్రెకు వెంట్రుకలే తప్ప కత్తిరించడానికి ఉన్ని ఉండదు. గొంగడి నేసే చేతులకు పని ఉండాలంటే దాన్ని కొనే చేతులు కావాలి. మంచె మీద కావలి కాసే రైతుకు, గస్తీ మనిషికి, ఒడ్డున చేపలు ఏరే తల్లికి ఇంతకన్నా మంచి బట్ట దుకాణంలో దొరకదని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక్క హెచ్చరిక మాత్రం. గొంగడిని తెప్ప మీదికి తీసుకెళ్లకండి. నీళ్లలో పడితే అది ఎంతో బరువెక్కుతుంది, చేతులకు చుట్టుకుంటుంది. తెప్ప మీద గొంగడైనా, శాలువా అయినా, దుప్పటైనా ప్రమాదమే. నీళ్ల మీద ఒంటికి పట్టిన స్వెట్టరు, ఒడ్డుకు వచ్చాక గొంగడి. ఈ పద్ధతి పెట్టుకోండి.

స్వెట్టరు కొనేటప్పుడు చిన్న పరీక్ష. చలికాలం రాగానే హైదరాబాద్‌లో టిబెటన్లు వేసే దుకాణాల్లోనైనా, సంతలోనైనా ఉన్ని అని చెప్పి అమ్మేవాటిలో చాలావరకు అక్రిలిక్ ఉంటుంది. దారం పోగు ఒకటి తీసి నిప్పు అంటించి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిద అవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి ఉండలా మిగులుతుంది. అక్రిలిక్ పనికిరాదని కాదు. చవక, తేలిక, త్వరగా ఆరుతుంది. ఫ్లీస్ అనే మెత్తటి బట్ట కూడా అలాంటిదే. కానీ ఇవి మంట దగ్గర కరిగి చర్మానికి అంటుకుంటాయి. ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదు, అంటుకున్నా మంటను పాకనివ్వదు. చలిమంట చుట్టూ కూర్చునే అలవాటున్న మనకు ఈ తేడా తెలిసి ఉండాలి.

మూడోది గాలిని, చినుకులను ఆపే పైబట్ట. రెయిన్ కోటు లాంటి జెర్కిన్ చాలు. అయితే ప్లాస్టిక్ కోటు లోపలి చెమటను కూడా బయటికి పోనివ్వదు. తెడ్డు వేసేటప్పుడు దాన్ని విప్పి పక్కన పెట్టాలి, లేదా ముందు గుండీలు తీసి ఉంచాలి. ఆగి వల ఎత్తేటప్పుడు వేసుకోవాలి. పని మొదలుపెట్టే ముందు కొంచెం చలి వేస్తుంటే సరిగ్గా వేసుకున్నట్టు. అప్పటికే వెచ్చగా ఉంటే పదినిమిషాల్లో చెమటతో తడుస్తారు. ఎవరెస్టు ఎక్కేవాళ్లదీ ఇదే పద్ధతి. మన నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. అక్కడికి వెళ్లేవారు ఒకే మందపాటి కోటును నమ్ముకోరు. వరసల మీద వరసలు వేసుకుని, పనిని బట్టి ఒకటి తీస్తూ, ఒకటి వేస్తూ ఉంటారు. చెరువు మీద మూడు వరసలు సరిపోతాయి.

ఈ మూడింటి మీద లైఫ్ జాకెట్ తప్పనిసరిగా ఉండాలి. ఇది ఎంత ఈత వచ్చినవారికైనా వర్తిస్తుంది. చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే ఊపిరి ఒక్కసారిగా ఎగబీల్చుకుంటాం. ఆ క్షణంలో నోట్లోకి నీళ్లు పోతే ఈత పనికిరాదు. కాసేపటికి చేతులు మొద్దుబారతాయి. మరో సంగతి, లైఫ్ జాకెట్ లోపల ఉండే నురగ ఛాతీకి వెచ్చదనం కూడా ఇస్తుంది.

ఇక చేతులు, కాళ్లు, తల.

వల ముళ్లు విప్పాలంటే వేళ్లు ఆడాలి కాబట్టి మందపాటి గ్లవుజులు పనికిరావు. అరచేతికి రబ్బరు పూత ఉన్న పల్చటి పని గ్లవుజులు వాడండి. రెండు జతలు ఉంటే ఒకటి తడిసినప్పుడు రెండోది వేసుకోవచ్చు. చేతులు మొద్దుబారితే జెల్ల చేప ముల్లు దిగినా తెలియదు. చీము పట్టాక తెలుస్తుంది. పని అయ్యాక చేతులు తుడుచుకుని కొబ్బరి నూనో, ఆముదమో రాస్తే చర్మం పగలదు.

కాళ్లకు గంబూట్లు గట్టు మీదే వేసుకోండి. తెప్ప మీద వద్దు. వాటిలో నీళ్లు నిండితే కాళ్లు ఆడించడం కష్టం. తెప్ప మీద ఉత్త కాళ్లతోనో, చెప్పులతోనో పని చేసి, ఒడ్డుకు రాగానే కాళ్లు తుడిచి పొడి సాక్సులు వేసుకోవడం మంచిది.

ఒంటి వేడిలో సగం తల నుంచే పోతుందని అంటారు. అది నిజం కాదు. ఒంటిలో తల ఎంత భాగమో అంత భాగం, అంటే సుమారు పదో వంతు వేడి మాత్రమే అక్కడినుంచి పోతుంది. అయినా చెవులు, మెడ కప్పుకుంటే చలి తెలియడం బాగా తగ్గుతుంది. అందుకు మంకీ క్యాప్‌ను మించింది లేదు. మఫ్లర్ కొసలు వేలాడతాయి కాబట్టి తెప్ప మీదా, బండి మీదా వాటిని స్వెట్టరు లోపలికి దోపాలి.

బండి మాట వచ్చింది. ఊరి నుంచి జలాశయానికి, అక్కడినుంచి బజారుకు మోటారు సైకిలే కదా. 10 డిగ్రీల చలిలో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళితే చర్మానికి అది 5, 6 డిగ్రీల చలిలా తగులుతుంది. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా మర్రిచెట్ల రోడ్డు మీద ఆ గాలి ఎలా ఉంటుందో తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. జెర్కిన్ కింద ఛాతీ మీద పాత వార్తాపత్రిక మడతపెట్టి దోపుకుంటే గాలి ఆగుతుంది. ఖర్చు లేని ఉపాయం. తడి బట్టలతో మాత్రం బండెక్కకండి.

దానికోసం నేను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుబట్టే మాట ఇది: ఒడ్డున ఒక పొడి బట్టల సంచి ఉండాలి. ప్లాస్టిక్ కవరులో మూతి బిగించి కట్టిన ఒక చొక్కా, ఒక ప్యాంటు, ఒక తువ్వాలు, ఒక జత సాక్సులు. కొత్తవి అక్కర్లేదు. పాతవైనా పొడిగా ఉంటే చాలు. ఖరీదైన జాకెట్ కొనలేని మనిషికి కూడా చలిని గెలిచే దారి ఈ సంచిలో ఉంది.

ఇప్పుడు జాగ్రత్తలు రెండు. ఒకటి, చలి పోతుందని మందు తాగి నీళ్ల మీదికి వెళ్లకండి. మందు తాగితే చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుంటాయి. ఒళ్లు వెచ్చబడ్డట్టు అనిపిస్తుంది గానీ లోపలి వేడి బయటికి పోతుంది. వేడి చాయ్, జొన్న గట్కా, ఏదైనా కడుపునిండా తిని వెళ్లండి. ఒంట్లో వేడి పుట్టించేది తిండే. రెండు, గుడిసెలోనో, తలుపులు మూసిన గదిలోనో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకండి. దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తోటివారిని కనిపెట్టుకుని ఉండండి. మామూలుగా ఒంటి వేడి 37 డిగ్రీలు. అది 35 కన్నా దిగితే ప్రమాదం మొదలైనట్టు. మొదట విపరీతంగా వణుకుతారు. తరువాత మాట తడబడుతుంది, చేతిలో వస్తువు జారిపోతుంది, అడుగు తూలుతుంది. వణుకు ఆగిపోయినా మనిషి మందకొడిగా ఉంటే తగ్గిందని అనుకోకండి, ముదిరిందన్నమాట. వెంటనే గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు తీసేసి, ఒళ్లు తుడిచి, పొడి బట్టలు, గొంగడి కప్పండి. తెలివిలో ఉంటే తియ్యటి వేడి చాయ్ తాగించండి. చేతులు, కాళ్లు గట్టిగా రుద్దకండి. 108కి ఫోన్ చేయండి. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున నీళ్ల మీదికి వెళ్లకపోవడమే మేలు.

చేపలవాళ్ల కోసం చెప్పినదంతా చేవెళ్ల పూల రైతులకూ వర్తిస్తుంది. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు పంపాలని చీకటితోనే తోటలోకి దిగే ఆడవాళ్లకు మోకాళ్ల దాకా మంచు నీరు తగులుతుంది. చీర కుచ్చిళ్లు తడిసి పొద్దెక్కేదాకా అలాగే ఉంటాయి. నడుముకు కట్టుకునే ఒక ప్లాస్టిక్ పట్టా, కాళ్లకు గంబూట్లు, గట్టు మీద ఒక పొడి చీర ఉంటే ఆ తడి బాధ చాలావరకు తప్పుతుంది. ఆ పట్టా కొనివ్వడం తోట యజమాని బాధ్యత అని నేనంటాను.

మత్స్య సహకార సంఘాల పెద్దలకు చివరిగా ఒక మనవి. వలలు, తెప్పలు, చేపపిల్లల గురించి సమావేశాల్లో మాట్లాడుకుంటాం. ఈ ఏడాది నుంచి ఆ జాబితాలో ప్రతి సభ్యుడికీ ఒక లైఫ్ జాకెట్, ఒక ఉన్ని స్వెట్టరు చేర్చండి. అందరూ కలిసి కొంటే ధర తగ్గుతుంది. సంఘం డబ్బుతో నాలుగు గొంగళ్లు నేయించి ఒడ్డున గుడిసెలో ఉంచండి. తడిసి వచ్చినవారికి కప్పడానికి అవి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఇంట్లో ఆడపడుచులకు, అమ్మలకు కూడా ఒక మాట. రాత్రి పడుకోబోయే ముందు ఆ పొడి బట్టల సంచి తలుపు దగ్గర ఉందో లేదో చూడండి. లేకపోతే రేపు వల ఎత్తడానికి వెళ్లే మనిషిని దాన్ని కట్టుకున్నాకే గడప దాటనివ్వండి.